సముద్రము దాటబోవు పంతులు

ఆదోనికి ఉత్తరముగా, రాయచూరు పోవు రైలుదారిలో, కోసిగి యను ఊరు కలదు. కర్నూలు జిల్లాకు పడమటి అంచున నున్న యీ సీమలో వానలు నమ్మదగినవి కావు. ఖరీఫు పనులు ముగిసిన పిమ్మట కుటుంబములకు కుటుంబములే మూటలు కట్టుకొని పనులు వెదకికొనుచు బయలుదేరును. దీనిని అచటివారు 'సుగ్గికి పోవుట' యందురు. కొందరు గుంటూరు మిరపచేలకు, కొందరు తెలంగాణపు పత్తిచేలకు, కొందరు బెంగుళూరిలోని కట్టడపు పనులకు పోవుదురు. పెద్దల వెంట బడి మానిన పిల్లలును పోవుదురు.

అదే రైలుస్టేషనులో అరుదుగా మరియొక విధమైన ప్రయాణికుడు కనబడును. అతని చేత మూట ఉండదు. పట్టాలును, మార్కుల పత్రములును భద్రపరచిన సంచి యుండును. అతడు ఆంగ్లములో ఎం.ఏ. చదివి, బి.ఎడ్. ముగించి, ఏదో ప్రైవేటు బడిలో కొలది జీతమునకు పాఠములు చెప్పుచున్నవాడు. విదేశములో ఆంగ్లోపాధ్యాయులు కావలెనను ప్రకటన చూచి దరఖాస్తు పెట్టెను. హైదరాబాదుకో, చెన్నైకో, ఢిల్లీకో ఇంటర్వ్యూకు రమ్మని పిలుపు వచ్చెను. ఇదియు ఒక విధమైన సుగ్గియే. కాని ఒక భేదము కలదు. సుగ్గికి పోవు కూలివాడు బండి యెక్కుటకు ముందే మేస్త్రీతో కూలి యెంత, తిండి యెవరిది, దారిఖర్చు లెవరివి యని బేరమాడును. ఎం.ఏ. చదివినవాడు అంతకంటె ఎన్నో రెట్లు దూరము పోవలసియుండియు ఆ ప్రశ్న లడుగుటకు సిగ్గుపడును. ఆ సిగ్గు ఎట్లు పుట్టినది, దానికై చెల్లించు మూల్యమెంత యన్నది విచారింపదగిన సంగతి.

కోసిగికి దూరప్రయాణములు క్రొత్తవి కావు. 1871లో మద్రాసు రైల్వేయు, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేయు రాయచూరు కడ కలియుటతో మద్రాసు నుండి బొంబాయికి ఇనుపదారి పూర్తియైనది. ఆ దారిలో కోసిగి ఒక నిలుపుదల యయ్యెను. ఇచటినుండి చెన్నై ఐదువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. ముంబయి ఏడువందలకు పైమాట. పొరుగున నున్న ఆదోని మీదుగా పోవు బండిలో ఢిల్లీ చేరవలెనన్న సుమారు రెండువేల కిలోమీటర్లు. దారి యున్నది, బండియు నున్నది. అయినను ఆ దూరము అందరికిని సమానము కాదు.

ఢిల్లీలోనే పుట్టి పెరిగినవాడు ఉదయము భోజనము చేసి బయలుదేరి, ఇంటర్వ్యూ ముగించుకొని సాయంకాలమునకు ఇల్లు చేరును. అతనికి ఖర్చు సిటీబస్సు టిక్కెట్టు మాత్రమే. కోసిగివానికి రానుపోను దినములు మూడో నాలుగో పట్టును. ప్రైవేటు బడిలో ఆ దినముల జీతము కోతపడును. రైలుఖర్చు, వసతిగదికి అద్దె, క్రొత్త చొక్కా, పత్రముల నకళ్లు, ఫొటోలు — అన్నియు కలిపి చూచినచో నెలజీతములో పెద్దభాగము దారిలోనే కరగిపోవును. చేబదులు తెచ్చుకొని బయలుదేరువారే యెక్కువ. ఇంటిలో తల్లికి ఆశ. వీథిలో నలుగురికి తెలిసిన వార్త. ఇంత బరువు మోసికొని వచ్చి బల్ల యెదుట కూర్చున్న మనిషికి మనస్సులో ఒకే మాట మెదలుచుండును: ఇంతదూరము వచ్చి వట్టిచేతులతో తిరిగి పోవుట యెట్లు? ఆ మాట మెదలినంతనే అతని నోరు సగము మూతపడును. ఉద్యోగ మిచ్చువాడు ఏ షరతు పెట్టినను తల యూపుటకు సిద్ధపడును. దూరము మనిషిని అలయించును. అంతకంటె ముఖ్యముగా, అతనిచే తన్నుతాను తక్కువగా తూచుకొనజేయును. ఇంటర్వ్యూకై దూరము పోవుటలోని అసలు ప్రమాద మిది.

కాని ఎదుటివాడు సముద్రము దాటివచ్చి మన పంతులును వెదకుచున్నా డనగా, అవసరము ఒక్క వైపుననే లేదు గదా! ఈ సంగతి చరిత్ర చెప్పుచున్నది. 1936 నుండి 1941 వరకు ఇథియోపియా ఇటలీ ఆక్రమణలో నుండెను. ఆ కాలమున ఆ దేశమందలి చదువుకొన్న తరము చాలవరకు హతమైపోయెను. 1941లో చక్రవర్తి హైలే సెలాసీ తిరిగివచ్చి, విద్యాశాఖను చాలకాలము తన చేతనే యుంచుకొని, బడులను మరల నిలువబెట్టుటకు పూనుకొనెను. ఉన్నతపాఠశాలలలో బోధన ఆంగ్లములో. బోధించువారో లేరు. ఆ లోటు తీర్చినవారిలో భారతీయులు పెద్ద సంఖ్యలో నుండిరి. కేరళీయులు అధికము, ఇతర ప్రాంతములవారును కలరు. 1956లో చక్రవర్తి స్వయముగా భారతదేశమునకు వచ్చెను. కొండలనడుమ నున్న చిన్న పట్టణములలో రెండుమూడు దశాబ్దములపాటు లెక్కలు, విజ్ఞానశాస్త్రము, ఆంగ్లము చెప్పిన ముఖము భారతీయుని ముఖమే. 1974లో చక్రవర్తి పదచ్యుతుడై విప్లవప్రభుత్వము వచ్చిన పిమ్మట ఆ శకము క్రమముగా ముగిసెను.

తరువాత నైజీరియా వంతు వచ్చెను. చమురు సంపద చేత కలిమి పొందిన ఆ దేశము 1976లో సార్వత్రిక ప్రాథమిక విద్యను ప్రారంభించెను. ఒక్కమారుగా బడులు నిండిపోయినవి, పంతుళ్లు చాలలేదు. భారతదేశమునుండి ఉపాధ్యాయులు తరలిపోయిరి. 1980లలో చమురు ధర పడిపోగా, జీతములు సకాలమున అందుటయు, అందిన జీతమును స్వదేశమునకు పంపుటయు కష్టమాయెను. ఇథియోపియా మరల 2000 తరువాత పిలిచెను. 1990ల ఆరంభమున వ్రేళ్లపై లెక్కింపదగినన్ని విశ్వవిద్యాలయము లున్న ఆ దేశము సుమారు ఇరువది యేండ్లలో ముప్పదికి పైగా స్థాపించుకొన్నది. గోండార్, బహిర్‌దార్, మెకెలె, జిమ్మా వంటి చోట్ల భారతీయ అధ్యాపకులు బోధించిరి. వారిలో తెలుగువారు ఎందరో కలరు. మాల్దీవుల చిన్నచిన్న దీవులలోని బడులలోను మన ఉపాధ్యాయులు పనిచేయుచు వచ్చిరి. ఈ చరిత్ర యంతటిలో ఒక్క సూత్రము కనబడును: బడి త్వరపడి పెరిగి, పంతులు త్వరగా తయారు కానిచోట మన పంతులునకు పిలుపు వచ్చినది. పిలుపు దయచేత వచ్చినది కాదు, అక్కరచేత వచ్చినది.

అట్టి అక్కరను తీర్చుటకు కోసిగివానికి గల యోగ్యత యేమి? ఇచట ఆ సీమ చరిత్రను కొంత తలపవలెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడునప్పుడు బళ్లారి జిల్లానుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు వచ్చినవి. కోసిగి అప్పుడు ఆదోని తాలూకాలోనిది. కావున ఆ ప్రాంతమున ఇంటిలో తెలుగు మాటలాడు పిల్లవాడు సంతలో కన్నడము వినును. ఆదోని బజారులో ఉర్దూ వినును. బిజాపూరు సుల్తానులు ఏలిన కోట నీడన పెరిగిన పట్టణ మది. 'సుగ్గి' యను మాటయే కన్నడమున పంటకోత కాలమునకు పేరు. ఒక భాషనుండి మరియొక భాషకు దాటునప్పుడు నాలుక ఎచట తడబడునో, మనస్సు ఎచట ఆగునో ఆ పిల్లవానికి బాల్యమునుండియే తెలియును. ఆంగ్లము అతనికి నాలుగవ భాష. దానిని అతడు చెమటోడ్చి నేర్చుకొన్నాడు.

ఇథియోపియాలోని విద్యార్థి స్థితియు ఇదియే. ఇంటిలో ఒక భాష, బజారులో అమ్హారిక్, పైతరగతులలో ఆంగ్లము. ఒక చిన్న సంగతి తెలుగువారికి వింతగా తోచును. ఆ దేశపు లిపిలో ఒక్కొక్క హల్లునకు అచ్చులనుబట్టి ఏడేసి రూపములు కలవు. అక్షరమాల గోడపై వ్రేలాడదీసిన తరగతిలో ప్రవేశించిన తెలుగు పంతులునకు మన గుణింతము జ్ఞాపకము రాక మానదు. అచటి బాలుడు అక్షరమును అచ్చుతో కలిపి ఒక్క ముద్దగా చూచుటకు అలవాటుపడినవాడు. మన బాలుడును అట్టివాడే. హల్లును వేరుగా, అచ్చును వేరుగా వ్రాసి కూర్చు ఆంగ్లలిపి ఇరువురికిని మొదట ఒకే విధముగా చిక్కు కలిగించును. ఆ చిక్కును దాటివచ్చినవాడు దానిని దాటించుట యెట్లో చెప్పగలడు. పుట్టుకతోనే ఆంగ్లము మాటలాడినవానికి అచట చిక్కు కలదనియే తోచకపోవచ్చును.

అయినచో ఇంటర్వ్యూలో కోసిగివాడు జంకునది దేనికి? ఉచ్చారణకు. తెలుగు అజంతభాష. మాట చివర అచ్చు లేనిదే మన నాలుకకు తృప్తి కలుగదు. బస్ 'బస్సు' అగును, పెన్ 'పెన్ను' అగును, రోడ్ 'రోడ్డు' అగును. ఆంగ్లములో పెదవులు గుండ్రముగా చేసి పలుకు వకారమును, పైపలు క్రిందిపెదవికి తగిలించి పలుకు వకారమును మనము ఒక్కటిగానే పలుకుదుము. ఆంగ్లపదములో ఒక అక్షరముపై బరువు వేసి మిగిలినవానిని తేల్చివేయు పద్ధతి మనకు లేదు. మనము ప్రతి అక్షరమునకును దాని మర్యాద దానికిచ్చి పలుకుదుము. ఈ దోషములు తెలిసికొని సవరించుకొనుట అభ్యర్థి విధి. అందు సందేహము లేదు. హైదరాబాదులో 1958లో నెలకొల్పబడి, నేడు ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయమైన సంస్థ ఇట్టి బోధకై యేర్పడినదే. అన్యదేశముల వారు సైతము ఆంగ్లము నేర్చుటకు అచటికి వచ్చుచుందురు. సముద్రము దాటి హైదరాబాదుకు వచ్చి ఆంగ్లము నేర్చుకొనువారు ఉండగా, మన ఆంగ్లము సముద్రము దాటుటకు అర్హము కాదని జంకనేల?

ఉచ్చారణను సవరించుకొనుట వేరు, అనుకరణము వేరు. రెండు వారములు సినిమాలు చూచి అమెరికావానివలె యాస తెచ్చిపెట్టుకొని ఇంటర్వ్యూకు పోవువారు కలరు. మూడవ వాక్యములో యాస జారిపోవును. నాలుగవ వాక్యములో ధైర్యమును జారిపోవును. పరీక్షకునికి కావలసినది స్పష్టత. ఐదు నిమిషముల పాఠము చెప్పి చూపుమన్నప్పుడు, అరువది మంది పిల్లలున్న తరగతిలో భూతకాలక్రియను ఎట్లు బోధింతువని యడిగినప్పుడు, అభ్యర్థి అనుభవము పలుకవలెను. బడిలో నల్లబల్ల యెదుట ఎండనక వాననక నిలిచినవానికి ఆ ప్రశ్న యొక వరము. తడబడు పిల్లవానిని నవ్వులపాలు చేయక సరిదిద్దుట యెట్లో, పుస్తకము లేని బాలునిచే చదివించుట యెట్లో అతడు చూచియున్నాడు; చెప్పవలసినది ఆ సంగతియే.

అన్ని దేశములును ఈ దృష్టితోనే చూచుచున్న వనుకొనుట పొరపాటు. కొన్నిచోట్ల పంతులు విద్యకంటె అతని పాస్‌పోర్టు రంగు ముఖ్యము. దక్షిణ కొరియా ఆంగ్లభాషా శిక్షకుల వీసాను ప్రధానముగా ఆంగ్లము మాతృభాషగా గల ఏడు దేశముల పౌరులకు కేటాయించినది. భారతదేశముతో కుదుర్చుకొని 2010లో అమలులోనికి వచ్చిన ఒప్పందమువలన అర్హత గల భారతీయులకు సహాయోపాధ్యాయులుగా ఒక చిన్న ద్వారము తెరచుకొన్నది. చైనాలోను 2017 నుండి ఆంగ్లోపాధ్యాయ పదవులకు ఇట్టి జాతీయతా నియమమే కఠినముగా నున్నది. కావున ప్రకటన చూచినవెంటనే రైలు టిక్కెట్టు కొనుటకు ముందు, ఆ దేశపు వీసా నియమము భారతీయుని అనుమతించునా లేదా యని విచారించుట మొదటి పని. చదువుకొన్నవానికి అది అరగంట పని. ఆ అరగంట మిగుల్చుకొని నాలుగు దినముల ప్రయాణమును, చేబదులు సొమ్మును వ్యర్థము చేసికొన్నవారు కలరు.

ఇక చట్టము సంగతి. 1983 నాటి వలస చట్టము ప్రకారము విదేశోద్యోగములకు మనుష్యులను కుదుర్చు ఏజెంటు ప్రభుత్వముచే రిజిస్టరు కావలెను. అట్టి ఏజెంటు అభ్యర్థి నుండి తీసికొనదగిన సేవారుసుము 30,000 రూపాయలకు మించరాదు. పన్ను మాత్రము వేరు. రిజిస్టరైనవారి జాబితా ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఎవరైనను చూడవచ్చును. లక్షలు కట్టించుకొని రశీదు ఇయ్యనివాడు ఏజెంటు కాడు. ఇంతవరకు చాలమంది కెరుకయే. ఎరుకలేని సంగతి మరియొకటి కలదు. పదవతరగతి ఉత్తీర్ణుడు కాని కూలివాడు గల్ఫు మొదలైన 18 దేశములకు పనికై పోవునప్పుడు, వలస రక్షకాధికారి అతని ఒడంబడికను పరిశీలించి అనుమతి నొసగవలెను. పదవతరగతి దాటినవారికి ఆ అనుమతి అక్కరలేదు. చదువుకొన్నవాడు తన ఒడంబడికను తానే చదివికొనగలడని చట్టము భావించినది. అనగా చదువురాని కూలివాని పత్రమును ప్రభుత్వాధికారి యొకడు చూచును, ఆంగ్లములో ఎం.ఏ. పట్టా గల పంతులు పత్రమును చూచువాడు పంతులు తప్ప మరియొకడు లేడు. ఆ పంతులే చదువక సంతకము చేసినచో ఇక రక్షించువారెవరు?

అజాగ్రత్తకు మూల్యము ఒక్కొక్కప్పుడు సొమ్ముతో తీరదు. కొన్నిచోట్ల పంతులు ఎంత జాగ్రత్త పడినను కాలము ఎదురుతిరుగును. లిబియాలోని విశ్వవిద్యాలయములలో ఎందరో భారతీయ అధ్యాపకులు పనిచేయుచుండిరి. 2011లో అచట అంతర్యుద్ధము రాగా భారతప్రభుత్వము ఓడలను, విమానములను పంపి 15,000 మందికి పైగా భారతీయులను వెనుకకు తెచ్చెను. కలతలు తగ్గినవనుకొని మరల పోయినవారు, పోక తప్పనివారు కలరు. 2015 జూలైలో సర్త్ నగరపు విశ్వవిద్యాలయమున పనిచేయుచుండిన నలుగురు భారతీయులు అపహరింపబడిరి. వారిలో ఇరువురు కర్ణాటకమువారు కొలది దినములలోనే విడుదల పొందిరి. మిగిలిన ఇరువురు తెలుగువారు 2016 సెప్టెంబరు వరకు బందీలుగా నుండిరి. ఏడాదికి పైగా ఆ కుటుంబములు పడిన యాతన యెట్టిదో ఊహింపవచ్చును. 'దూరపు కొండలు నునుపు' అను సామెత మనవారికి కంఠస్థమే. కాని జీతపు అంకె కంటబడినప్పుడు దానిని మరచుట సులభము.

ఇంటర్వ్యూ ముగియునప్పుడు పరీక్షకుడు మర్యాదకై ఒక ప్రశ్న వేయును: మీరేమైన అడుగదలచితిరా? పదిమందిలో తొమ్మిదిమంది 'ఏమియు లేదండి' యని లేచి నమస్కరింతురు. నిజమునకు అది మర్యాదప్రశ్న కాదు; ఆ గదిలో అభ్యర్థి చేతికి అధికారము వచ్చు క్షణము అదియొక్కటే. జీతము ఏ నాణెములో ఇత్తురు? అందులో ఎంత భాగము ఇంటికి పంపుటకు ఆ దేశపు చట్టము ఒప్పును? ఇల్లు ఎవరిది? వైద్యము ఎవరిది? రానుపోను విమానఖర్చు ఎవరిది? ఒడంబడిక గడువు ముగియకముందే మానుకొన్నచో ఏమగును? పాస్‌పోర్టు ఎవరికడ నుండును? కలతలు వచ్చినచో ఎవరు బాధ్యులు? బడి యున్నది నగరమునా, నగరమునకు రెండుదినముల దారిలోనా? ఈ ప్రశ్నలలో అవినయము లేదు. నైజీరియాలో జీతము చిక్కుకొన్ననాడు, లిబియాలో తుపాకులు మ్రోగిననాడు ఈ ప్రశ్నలకే అర్థము తెలిసినది. నిజాయితీ గల యజమాని వీనికి సంతోషముతో సమాధానము చెప్పును. వీనిని విని ముఖము చిట్లించువాని కొలువు దక్కకపోవుటయే లాభము.

2020లో వచ్చిన కరోనా తరువాత ఇంటర్వ్యూలు చాలవరకు తెరమీదకు మారినవి. కోసిగిలో కూర్చుండియే ఫోనులో మాటలాడవచ్చును. ఇది మేలే, రైలుఖర్చు మిగిలెను, నగరవాసికిని పల్లెవాసికిని నడుమ దూరము కొంత తరిగెను. కాని మోసగానికిని దూరము తరిగెను. గదిలేని కార్యాలయము, బడిలేని ప్రధానోపాధ్యాయుడు తెరపై సులభముగా పుట్టుదురు. తెరలో చూచి ఎన్నుకొన్నామని చెప్పి, ఆ పూటయే సొమ్ము పంపుమను తొందర కనబడినచో అచట కొలువు లేదని తెలియవలెను. పత్రములపై విదేశాంగశాఖ ముద్ర, ఆ దేశపు దౌత్యకార్యాలయముతో విచారణ, అచట ఇదివరకే పనిచేసినవారితో మాట — ఇవి రైలుకాలమున ఎంత అవసరమో తెరకాలమునను అంతే అవసరము.

చివరకు ఒక సంగతి మిగిలియున్నది. అది అన్నింటికంటె కఠినము. ఆంగ్లము చెప్ప నేర్చిన పంతులు లేని ఊరు ఇథియోపియాలోనే కాదు, కోసిగి చుట్టును కలదు. అక్షరాస్యతలో వెనుకబడిన సీమ యిది. తల్లిదండ్రులు సుగ్గికి పోయినప్పుడు పిల్లల చదువు తెగకుండుటకై ఇచట తాత్కాలిక వసతిగృహములు నడుపవలసి వచ్చుచున్నది. తల్లి వెంట పోయి నాలుగు నెలలకు తిరిగివచ్చిన పిల్లవానికి పాఠము ఎచట తెగినదో కనిపెట్టి అచటినుండి ముడివేయగల పంతులు ఎంత విలువైనవాడు! అట్టివాడు ఓడ యెక్కరాదని శాసించు హక్కు ఎవరికిని లేదు. చేసిన చదువునకు తగిన జీతము ఇంటికడ దొరకనప్పుడు బయటికి పోవుట నేరము కాదు. అతనిని నిందించుటకు ముందు, ప్రైవేటు బడిలో అతనికిచ్చు జీతమెంతో, ప్రభుత్వపు నియామకములకై అతడు ఎన్ని యేండ్లు కనిపెట్టుకొని యుండెనో సమాజము లెక్క చూచుకొనవలెను.

కాని పోవువాడు తాను వదలి పోవుచున్న దేమో తెలిసికొని పోవలెను. అతడు పోయిన మరునాడు ఒక తరగతిలో కుర్చీ ఖాళీ యగును; నలువదిమంది పిల్లలకు ఆంగ్లము ఆగిపోవును. ఆ ఖాళీకి గల వెలను గుర్తెరిగినవాడు ఇంటర్వ్యూ బల్ల యెదుట తన్నుతాను చవుకగా అమ్ముకొనడు. తన ఊరికి తాను ఎంత అవసరమో తెలిసినవాడే పరుల ఊరికి తాను ఎంత అవసరమో చెప్పగలడు. అట్టివాడు ఎంపికయైనను గౌరవముతోనే పోవును. కాకపోయినను గౌరవముతోనే తిరిగి వచ్చును. తిరిగి వచ్చినవానికై మరునాటి ఉదయము బడిగంట మ్రోగుచునే యుండును. ఆ గంటకు వచ్చు పిల్లలకు, పంతులు కొలువు దక్కక తిరిగివచ్చినాడను విచారము ఉండదు.